చుక్కలు నిలబడితే చాలదు: వరంగల్‌లో ఒక పాత ఆడియో దుకాణంతో పదకొండు నెలలు

వరంగల్‌లో మట్టెవాడ వైపు ఒక సందులో, స్టీలు సామాన్ల దుకాణానికీ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణానికీ మధ్య, ఒకే షట్టరున్న ఇరుకు గదిలో పాత యాంప్లిఫయర్లు, స్పీకర్లు, రికార్డ్ ప్లేయర్లు, టేప్ డెక్కులు కొని, బాగుచేసి, అమ్మే దుకాణం ఒకటి ఉన్నది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయవద్దని యజమాని కూడా కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు. గిరాకీ పెరుగుతుందని ఆయన భయం కాదు, ఊరికే చూసిపోయేవాళ్ళు పెరుగుతారని. ఆ సందులో అందరూ ఆయనను ఉస్తాద్ అని పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. పోయిన దసరా వెళ్ళిన వారం నుంచి ఈ వినాయక చవితి దాకా, దాదాపు పదకొండు నెలల్లో, ఈ దుకాణంతో నాకు మూడు వ్యవహారాలు నడిచాయి. నా పాత స్పీకర్ల జతను అమ్మించుకున్నాను, బయట కొని మోసపోయిన ఒక రికార్డ్ ప్లేయర్‌ను దారిన పెట్టించుకున్నాను, ఒక యాంప్లిఫయర్ కొన్నాను. వీటిలో రెండు పూర్తి తృప్తితో, ఒకటి సగం తృప్తితో ముగిశాయి.

దుకాణం గురించి చెప్పే ముందు బజారు గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ దుకాణంలో మెచ్చుకోవలసినదీ విసుగు పుట్టించేదీ రెండూ బజారు మందకొడిగా ఉండడం వల్లనే పుట్టాయి. బరాత్‌లకూ నిమజ్జనాలకూ అద్దెకిచ్చే డీజే సామాను మన దగ్గర ఎంత వేగంగా చేతులు మారుతుందో, ఇంట్లో కూర్చుని పాట వినే సామాను అంత నిదానంగా మారుతుంది. ఫోను, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు, టీవీ కింద పెట్టే సౌండ్‌బారు చాలామంది అవసరం తీరుస్తున్నాయి. రెండు పడక గదుల ఫ్లాటులో నడుమెత్తు స్పీకర్లు రెండు నిలబెట్టాలంటే ఇంట్లోవాళ్ళ అనుమతి సంపాదించడం బ్యాంకు రుణం సంపాదించడం కంటే కష్టం. కొనేవాళ్ళు ఇలా తగ్గిపోతుంటే, అమ్మజూపే సరుకు మాత్రం ఉత్తర తెలంగాణలో ఏటేటా పెరుగుతున్నది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎనభై, తొంభైల దశకాల్లో సెలవుకు వచ్చినప్పుడల్లా జపాన్ కంపెనీల టేప్ రికార్డర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు మోసుకొచ్చారు. అవి ముందు గదిలో షోకేసు మీద, కుట్టుపూల గుడ్డ కప్పుకొని, ఇంటి పరువుతో పాటు కూర్చున్నాయి. ఇప్పుడు ఆ పాత ఇళ్ళు కూల్చి కొత్త ఇళ్ళు కట్టుకుంటున్నారు, పిల్లలకు ఆ డబ్బాలు అక్కర్లేదు. 1970లో కోల్‌కతాలో మొదలైన సోనోడైన్ వంటి మన దేశపు కంపెనీల సామాను కూడా రిటైరైన ఉద్యోగుల ఇళ్ళ నుంచి ఇలాగే బయటికి వస్తున్నది. సరుకు నిండుగా ఉండి కొనేవాడు దొరకని చోట తొందరపడిన అమ్మకందారుకు మిగిలేది తుక్కు ధర. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి కోసం మంచి యాంప్లిఫయర్‌ను తూకానికి కొన్నవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

నా స్పీకర్లతో నేనూ ఆ దారిలోనే ఉన్నాను. నయీంనగర్‌లోని సొంత ఇంటి పై అంతస్తు కిరాయికి ఇవ్వడంతో సామాను తగ్గించుకోవలసి వచ్చింది. టేకు పొర అంటించిన పెద్ద స్పీకర్ల జతను ఆన్‌లైన్‌లో పాత వస్తువుల ప్రకటనల్లో 18,000 రూపాయలకు పెట్టాను. రెండు నెలల్లో పదకొండు ఫోన్లు వచ్చాయి. వాటిలో తొమ్మిది ‘లాస్ట్ ఎంత?’ అన్న రెండు మాటలతో మొదలై, నేను చెప్పిన అంకెతో ఆగిపోయాయి. ఒకాయన వచ్చి డబ్బాలను వేళ్ళతో తట్టి చూసి, వీటికి రిమోట్ ఉండదా అని అడిగి వెళ్ళిపోయారు. ఇంకొకాయన 4,000 ఇస్తానన్నారు, తీరా చూస్తే ఆయనకు కావలసింది స్పీకర్లు కాదు, డబ్బాల చెక్క. ఆ రోజే ఉస్తాద్ దుకాణం సంగతి ఒక మిత్రుడు చెప్పాడు.

ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన స్పీకర్లను ఆయన ముందు పాడించలేదు. జాలీ గుడ్డ తీసి, వూఫరు (బరువైన స్వరాలు పలికే పెద్ద స్పీకరు) అట్ట చుట్టూ ఉండే ఫోమ్ అంచును చూపుడు వేలితో మెల్లగా నొక్కారు. అది అగరుబత్తి నుసిలా రాలి వేలికి నల్లగా అంటుకుంది. గాలిలోని తేమకు ఆ ఫోమ్ పది, ఇరవై ఏళ్ళలో దానంతటదే పుచ్చిపోతుందని, వాడకపోయినా పోతుందని, రబ్బరు అంచున్నవి దీనికంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తాయని వివరించి, తర్వాత ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లు ఒకటి తీసి స్పీకరు వెనక తీగలకు ఒక్క క్షణం తాకించారు. సెల్లు ప్లస్సును స్పీకరు ప్లస్సుకు తాకిస్తే అట్ట ముందుకు రావాలి. కుడి డబ్బాలో వచ్చింది, ఎడమ డబ్బాలో లోపలికి పోయింది. ఎప్పుడో మరమ్మతు చేసినవారెవరో లోపలి తీగలు తారుమారుగా అతికించారన్న మాట. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంటే, గదిలో బేస్ ఒకదానినొకటి తినేస్తుంది. ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో మృదంగం డొల్లగా వినబడడానికి కారణం గది గోడలేనని నమ్మి, తెరలు కొని, తివాచీ పరిచి, చివరికి సోఫాను కూడా జరిపించినవాణ్ణి నేను. అర నిమిషంలో తేలిన ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ధర విషయంలో ఆయన మాట నిర్మొహమాటంగా ఉంటుంది. “సార్, పద్దెనిమిది వేలకు ఇవి పోవు. ఫోమ్ మార్పిద్దాం, రెండు వేల రెండొందలు అయితది. పదమూడుకు పెడదాం. పదకొండున్నర దాక దిగుదాం. అండ్ల కింద ఎవరన్న అడిగితె మీకు ఫోన్ చేస్త, మీరు సరే అంటేనే ఇస్త,” అన్నారు. అమ్మిపెట్టినందుకు నూటికి పది. వస్తువు పోకపోతే కమీషన్ లేదు, ఉంచినందుకు అద్దె లేదు. అరిగిన అట్టల పొడవు నోట్‌బుక్ ఒకటి ఉంది. అందులో వస్తువు పేరు, వెనక చెక్కిన నంబరు, ఉన్న లోపాలు, ఒప్పుకున్న కనీస ధర రాసి, కింద ఇద్దరం సంతకం చేశాం. నా పేజీలో ‘ఎడమ డబ్బా పై మూల పగులు, తీగలు సరిచేసినది, ఫోమ్ కొత్తది’ అని రాశారు. ఆ మాటలే తర్వాత ఒక చీటీ మీద కొని వెళ్ళేవారికి కూడా రాసిచ్చారని విన్నప్పుడు, లోపాన్ని రాసి మరీ అమ్మే దుకాణం నేనైతే ఇంకెక్కడా చూడలేదని ఒప్పుకోవలసి వచ్చింది.

అవి ఐదో నెలలో 12,000 రూపాయలకు పోయాయి. కమీషన్ 1,200, ఫోమ్ ఖర్చు 2,200 పోగా నా చేతికి 8,600 వచ్చాయి. లెక్కలో ఒక్క రూపాయి తేడా లేదు, డబ్బు అదే సాయంత్రం ఫోన్‌కు వచ్చింది. అయినా దీన్నే నేను సగం తృప్తి అన్నాను. ఆ ఐదు నెలలూ నా స్పీకర్లు అమ్మకానికి ఊరికే నిలబడి లేవు. ఎవరు ఏ యాంప్లిఫయర్ చూడడానికి వచ్చినా ఉస్తాద్ దాన్ని నా స్పీకర్లకే తగిలించి వినిపించారు. ఈ సంగతి నాకు ముందుగా చెప్పలేదు, నేను ఒకసారి అటువైపు పోయినప్పుడు కళ్ళబడింది. లోపమున్న యాంప్లిఫయర్ తగిలిస్తే ముందు కాలేది ట్వీటరు, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు, ఆ నష్టం నాదవుతుందా, ఆయనదవుతుందా అన్నది నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు. అడిగితే ఆయన నొచ్చుకోలేదు. “వినిపియ్యకుంటె ఎట్ల పోతయి సార్?” అన్నారు. నిజమే, ఆ ప్రదర్శన వల్లనే అవి అమ్ముడుపోయాయి. కానీ ఆ నిజాన్ని ముందే చెప్పి, నష్టం తనదని ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ పేరా రాయవలసిన అవసరం ఉండేది కాదు. అమ్మడానికి సామాను ఇచ్చేవాళ్ళు ఆ వాక్యం అడిగి రాయించుకోవాలి. అడిగితే రాస్తారు. నా తర్వాత ఒకరు రాయించుకున్నారు కూడా.

ఇక రికార్డ్ ప్లేయర్ కథ. ఈ దుకాణం విలువ నాకు పూర్తిగా తెలిసింది దీనితోనే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

స్పీకర్లు దుకాణంలో ఉండగానే, కరీంనగర్ దారిలోని ఒక ఊళ్ళో ఒక ఇంటివారి దగ్గర బెల్టుతో నడిచే పాత రికార్డ్ ప్లేయర్ ఉందని తెలిసి వెళ్ళాను. వాళ్ళ పెద్దాయన సౌదీలో పనిచేసి వస్తూ తెచ్చినది. చెక్క పీఠం, గీతలు పడని మూత, మెరిసే పళ్ళెం. సౌదీ ఇళ్ళలో చాలాకాలం 127 వోల్టుల కరెంటు ఉండేది కనుక దానితో పాటు మన వోల్టేజీని తగ్గించే, ఇటుకంత స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కూడా ఇచ్చారు. పళ్ళెం అంచున చుక్కల వరుసలు, వాటి మీద పడేలా ఒక చిన్న ఎర్రటి నియాన్ దీపం ఉన్నాయి. పళ్ళెం సరైన వేగంతో తిరిగితే ఆ వెలుతురులో చుక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. అమ్మే అబ్బాయి నా ముందే తిప్పి చూపించాడు, ఒక వరుస చుక్కలు రాతిలో చెక్కినట్టు నిలబడ్డాయి. ఇంతకంటే రుజువేం కావాలనుకొని 9,000 ఇచ్చి తెచ్చుకున్నాను. రికార్డు పెట్టి విన్న అక్కడి గదిలో ఫ్యాను హోరు, పిల్లల గోల. అంతలో పాట తేడా పట్టలేకపోయాను.

ఇంటికి వచ్చి, ఇరవై ఏళ్ళుగా చెవిలో ఉన్న ఒక త్యాగరాజ కృతి రికార్డు పెట్టాను. గాయని గొంతు జలుబు చేసినట్టు బరువుగా, వయొలిన్ వయోలా లాగా, తాళం నిద్రమత్తులో ఉన్నట్టు వినిపించాయి. తంబూరా యాప్‌తో పోల్చి చూస్తే శ్రుతి ఇంచుమించు మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. బెల్టు సాగిందేమోనని కొత్త బెల్టు వేశాను, మార్పు లేదు. వేగాన్ని సవరించే పిడి ఉంది గాని అది అటూ ఇటూ రెండు మూడు శాతానికి మించి కదలదు. పైగా చుక్కలేమో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. చెవిని నమ్మాలా, కంటిని నమ్మాలా తెలియక ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన దీపం వైపు చూడనే లేదు. ఒక పాత రికార్డు అంచున తెల్ల కాగితం ముక్క అంటించి, పళ్ళెం తిప్పి, ఫోన్‌లో గడియారం పెట్టి, కాగితం ముక్క తన ముందు నుంచి పోయినప్పుడల్లా లెక్కపెట్టారు. నిమిషానికి ముప్పై మూడూ మూడో వంతు చుట్ల లెక్కన మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు పడాలి. 83 పడ్డాయి. అప్పుడు దీపం వెలిగించి, పళ్ళెం అంచు నా వైపు తిప్పి, నిలబడిన చుక్కల వరుస పక్కన అరిగిపోయిన సన్నటి అంకెను గోటితో చూపించారు: 60. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, సౌదీలో 60 సార్లు. నా యంత్రంలోని మోటారు కరెంటు తాళానికే తిరిగే రకం. అక్కడ 60కి తగ్గట్టు చేసిన పుల్లీతో (బెల్టును తిప్పే మోటారు చక్రంతో) ఇక్కడ 50 మీద తిరుగుతున్నది కనుక వేగం ఆరింట ఐదు వంతులకు పడిపోయింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మార్చగలదు గాని ఈ సంఖ్యను మార్చలేదు. మరి చుక్కలు ఎందుకు నిలబడ్డాయి? ఆ నియాన్ దీపం కూడా అదే కరెంటు తాళానికి మిణుకుమంటుంది. మోటారు ఎంత నెమ్మదిస్తే దీపం మిణుకూ అంతే నెమ్మదిస్తుంది, కాబట్టి 60 కోసం గుర్తించిన వరుస ఏ దేశంలోనైనా నిలబడే కనిపిస్తుంది. మన దగ్గర నిలబడవలసింది 180 చుక్కలున్న వరుస, నా దాంట్లో నిలబడ్డది 216 చుక్కల వరుస. ఉస్తాద్ దీన్ని ఇంకా బాగా చెప్పారు: “మోటారు గిదే కరెంటు తాగుతది, లైటు గిదే కరెంటు తాగుతది. ఇద్దరు తాగి ఒకల్నొకలు పట్టుకొని నిలబడ్డరు సార్. మీరేమొ ఇద్దరు మంచిగనే ఉన్నరనుకున్నరు.”

అమ్మిన ఇంటివాళ్ళు కావాలని మోసం చేశారని నేను అనను, వాళ్ళకూ తెలియదు. ఆ పెద్దాయన రికార్డులు విన్నది సౌదీలోని గదిలోనే, ఇక్కడ అది షోకేసు దిగలేదు. దుబాయ్, కువైట్, ఖతార్ నుంచి వచ్చిన సామానుతో ఈ చిక్కు లేదు, ఆ దేశాల్లో మనలాగే 50. సౌదీ నుంచి, అమెరికా నుంచి వచ్చినవాటితోనే జాగ్రత్త పడాలి. అందులోనూ కరెంటు తాళానికి తిరిగే మోటార్లున్న వాటితోనే. జపాన్ కంపెనీ టెక్నిక్స్ చేసిన 1200 మార్క్ 2 వంటి, క్వార్ట్జ్ స్ఫటికం లెక్కతో, బెల్టు లేకుండా మోటారు మీదనే నేరుగా తిరిగే రికార్డ్ ప్లేయర్లకు గోడలోని కరెంటు 50 అయినా 60 అయినా వేగంలో తేడా రాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నేను ఆ ఊరికి పోయినప్పుడు జేబులో కాగితం ముక్క పెట్టుకొని పోయేవాణ్ణి.

మందు మాత్రం సులువైనదే. పుల్లీ లావు పది పాళ్ళుంటే దాన్ని పన్నెండు పాళ్ళు చేయాలి. ఉస్తాద్ పాత పుల్లీని కాలిపర్‌తో కొలిచి, తనకు తెలిసిన లేత్ మిషన్ వారి చేత రెండు మెట్లున్న ఇత్తడి పుల్లీ చేయించారు. బెల్టు మందం వల్ల లెక్క కొద్దిగా తప్పుతుందని ముందే ఊహించి, వెంట్రుకవాసి లావుగానే చేయమని చెప్పి, తెచ్చాక తిరుగుతున్న పుల్లీకి ఎమెరీ కాగితం ఆనించి రుద్ది దించారు. రుద్దడం, ఆపడం, మూడు నిమిషాలు లెక్కపెట్టడం, మళ్ళీ రుద్దడం. 102, 101, 101, చివరికి 100. ఆ మధ్యాహ్నం దుకాణానికి వేరే గిరాకీ ఒక్కటీ రాలేదు, వచ్చి ఉంటే ఇంత ఓపిక ఆయనకు ఉండేదా అన్నది నాకు అనుమానమే. మందకొడిగా ఉన్న బజారులో దొరికే మేలు ఇటువంటిది. పుల్లీకి, పనికి కలిపి 1,100 తీసుకున్నారు. అప్పుడే ముల్లు కూడా అరిగిందని భూతద్దంలో చూపించి ఆడియో టెక్నికా వారి కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చిన చిన్న భాగం) వేయమన్నారు. తన దగ్గర ఉన్నది అమ్మజూపకుండా, హైదరాబాద్ కోఠిలోనో ఆన్‌లైన్‌లోనో తక్కువకు దొరుకుతుందని కూడా చెప్పారు. ముల్లు ఆనే బరువు రెండు గ్రాములకు సరిచేసినందుకు డబ్బు తీసుకోలేదు.

యాంప్లిఫయర్ కొన్నది ఆ నమ్మకంతోనే. ఎనభైల నాటి జపాన్ యంత్రం, ఛానెల్‌కు నలభై వాట్లు, ముందు పలక అల్యూమినియం. ఆయన చెప్పిన ధర 16,000, నేను 13,000 దగ్గర మొదలుపెట్టాను, 14,500కు కుదిరింది. బేరం కంటే నాకు నచ్చింది బేరానికి ముందు జరిగినది. మూత విప్పి చూపించాలని నేను అడగకముందే విప్పారు. కరెంటును నేరుగా ఇవ్వకుండా, వంద వాట్ల బల్బును వరుసలో పెట్టిన సిరీస్ బోర్డు ద్వారా ఇచ్చారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, లేకపోతే ఒక్కసారి మెరిసి ఎర్రటి తీగ మిగులుతుంది. మెరిసి తగ్గింది. తర్వాత స్పీకర్ల తీగలు తగిలించే చోట మీటరు పెట్టి, పాట ఏదీ లేనప్పుడు అక్కడ ఎంత డీసీ (దిశ మారని కరెంటు) వోల్టేజీ ఉందో చూపించారు. ఒకవైపు 18 మిల్లీవోల్టులు, ఇంకోవైపు 24. యాభైకి లోపు ఉంటే భయం లేదు, వోల్టుల్లో ఉంటే మాత్రం స్పీకరు కాయిల్ కాలిపోతుంది. కరెంటును నిలువ చేసే పెద్ద కండెన్సర్లు రెండూ మార్చినవే. మన ఊళ్ళో మే నెల 44 డిగ్రీల ఎండలో, గాలాడని షోకేసుల్లో ముప్పై ఏళ్ళు ఉన్న కండెన్సర్లు ఎండిపోకుండా ఉండవని, మార్చకుండా అమ్మితే ఆర్నెల్లకు తనకే తిప్పలని అన్నారు. స్పీకర్లను నడిపే పవర్ ట్రాన్సిస్టర్లు మాత్రం కంపెనీ నుంచి వచ్చినవే, ముట్టుకోలేదు. బజారులో దొరికేవాటిలో నకిలీలు ఎక్కువ కాబట్టి, అసలువి బతికి ఉన్న యంత్రానికే తాను ఎక్కువ ధర కడతానని, ఒకటి పోయి ఏదో తెచ్చి వేసిన దానికి సగమే కడతానని ఆయన లెక్క. ఇదీ సౌదీ నుంచి వచ్చినదే. వెనక వోల్టేజీ మార్చే మీట ఉంది. దాన్ని 240 దగ్గర పెట్టి, ఎవరూ పొరపాటున తిప్పకుండా పైన చిన్న రేకు బిగించారు. యాంప్లిఫయర్ లోపల నడిచేది డీసీ మీద కనుక దీనికి 50, 60ల గొడవ పట్టదు.

వాల్యూమ్ తిప్పుతుంటే సగం దగ్గర కొద్దిగా గరగరమన్నది. శుభ్రం చేసే మందు కొట్టి పది పదిహేను సార్లు అటూ ఇటూ తిప్పితే పోయింది. మూడు నెలల్లో మళ్ళీ వస్తుందని, వస్తే తీసుకురమ్మని, అప్పటికీ పోకపోతే ఆ భాగమే మార్చాలని ముందే చెప్పారు. మూడో నెలలో చెప్పినట్టే వచ్చింది, చెప్పినట్టే డబ్బు తీసుకోకుండా శుభ్రం చేశారు. కొనే ముందు 5,000 బయానా పెట్టి యంత్రాన్ని మూడు రోజులు ఇంటికి తీసుకుపోనిచ్చారు. నచ్చకపోతే బయానా తిరిగి ఇస్తానన్నారు. నిజంగా ఇస్తారా అన్నది నేను పరీక్షించలేదు, నచ్చింది కనుక. పనికి ఆరు నెలలు పూచీ, విడిభాగాలకు పూచీ లేదు.

ఈ మూడు రోజుల ఏర్పాటు లేకపోతే ఈ దుకాణంలో యాంప్లిఫయర్ కొనమని నేను ఎవరికీ చెప్పను. ఎందుకంటే అక్కడ నిలబడి వింటే ఏమీ తెలియదు. షట్టరు తెరిచే ఉంటుంది, సందులో హారన్లు, పక్కన కుట్టుమిషన్ల టకటక, మీద పాత ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతుంటుంది. స్పీకర్లను నేల మీదనే, గోడ మూలకు ఆనించి పెడతారు. ఆ మూలలో ఏ స్పీకరైనా బేస్ ఉబ్బి వినిపిస్తుంది. వచ్చినవాళ్ళు ఆ ఉబ్బును చూసి మురిసిపోతారని ఆయనకు తెలుసు. ఇటుకల మీద ఎత్తి, గోడకు అడుగు దూరం జరపమని రెండు సార్లు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

ఇంకా కొన్ని లోపాలున్నాయి. బిల్లు ఇవ్వరు, చీటీ మాత్రమే. కొన్నాక డబ్బు వెనక్కి ఇవ్వడం లేదు, పదిహేను రోజుల్లో వేరే వస్తువుకు మార్పు మాత్రమే. దూరం ఊళ్ళకు పంపమంటే పాత బొంతలు చుట్టి, పెట్టెలో గట్టిగా కూరి ఆర్టీసీ కార్గోలో వేస్తారు గాని దారిలో ఏమైనా అయితే కొన్నవారిదే భారం. సీడీ ప్లేయర్లు అసలు కొనరు, అమ్మరు. డిస్కును చదివే లేజర్ పికప్ పోయాక అసలుది దొరకడం కష్టమని, దొరికిన నకిలీకి పూచీ ఇవ్వలేనని అంటారు. ఆ మాటలో న్యాయం ఉన్నా సీడీలు వదలనివాళ్ళకు నిరాశే. టేప్ డెక్కులు మాత్రం బెల్టులు మార్చి, హెడ్ తుడిచి, క్యాసెట్ ఒక వైపు పూర్తిగా పాడించి చూసి అమ్ముతారు.

ధరల్లో ఆయనకు ఒక బలహీనత ఉంది. 1979లో మొదట వచ్చిన ఆ టెక్నిక్స్ 1200 మార్క్ 2 ఒకటి గాజు బీరువాలో ఉంది. ధర అడిగితే మూడేళ్ళుగా ఒకటే అంకె చెబుతున్నారట, ఆ అంకెకు ఎవరూ కొనలేదు, దించమంటే దించరు. మిగతా సామానంతటికీ నెలనెలా ధర సవరించే మనిషి దీని దగ్గర మాత్రం ఎందుకు బిగుసుకున్నారో మొదట అర్థం కాలేదు. ఒకరోజు దుకాణం మూసే వేళకు పోతే, షట్టరు సగం దించి, దాని మీద ఏదో ఖవ్వాలీ రికార్డు పెట్టుకొని, దీపం ఆర్పేసి వింటూ కూర్చున్నారు. అది అమ్మకానికి పెట్టినదే, కాకపోతే ఎవరూ కొనని ధరకు.

వెళ్ళదలచినవారికి: ఉదయం పదకొండు దాటాకే తెరుస్తారు, రాత్రి తొమ్మిది దాకా ఉంటారు, శుక్రవారం నమాజు వేళ రెండు గంటలు మూత. సామాను అమ్మడానికి తెచ్చేవారు పనిచేసే స్థితిలో ఉన్నదని నోటితో చెప్పడం కంటే, తీగలు, రిమోటు, స్టెప్‌డౌన్, ఉంటే ఆ కాలపు బిల్లు అన్నీ ఒకే సంచిలో తేవడం మేలు. వాటిలో ఏది లేకపోయినా ఆయన ధర తగ్గిస్తారు, ఎంత తగ్గిస్తున్నారో చెప్పే తగ్గిస్తారు. బరువైనవి తెచ్చేవారి ఆటో సందులోకి రాదు. మూల మీద దింపుకొని, పక్క స్టీలు దుకాణం వాళ్ళ తోపుడు బండి అడిగి తీసుకోవాలి. అడిగితే ఇస్తారు, ఆదివారాలు తప్ప.